పెంకులూ పాఠాలూ: పాత సినగాగ్‌ను చిన్న ట్రస్టు నిలబెట్టుకునే తీరు

యూదుల ధర్మశాస్త్రంలో ఒక మెట్ల వరస ఉంది. ఊరివాళ్లు ఊరి మైదానం అమ్మితే ఆ డబ్బుతో సినగాగ్, అంటే ప్రార్థనాలయం, కొనొచ్చు. సినగాగ్ అమ్మితే ధర్మగ్రంథం ఉంచే పెట్టె కొనొచ్చు. పెట్టె అమ్మితే గ్రంథానికి చుట్టే వస్త్రాలు, వస్త్రాలు అమ్మితే పుస్తకాలు, పుస్తకాలు అమ్మితే తోరా, అంటే ఆ ధర్మగ్రంథపు చేతిరాత చుట్ట. ఎక్కడమే కానీ దిగడం లేదు. తోరా అమ్మి పుస్తకాలు కొనకూడదు, పెట్టె అమ్మి భవనం కట్టకూడదు. సుమారు 1800 ఏళ్ల కిందట కూర్చిన మిష్నా అనే ధర్మసూత్రాల సంకలనంలో, మెగిల్లా అనే భాగంలో ఈ మాట ఉంది. దానిమీద తాల్ముద్ అనే వ్యాఖ్యాన గ్రంథంలో జరిగిన చర్చ ఇంకో అడుగు ముందుకెళ్లింది: సినగాగ్‌ను ధర్మం చదువుకునే బడిగా మార్చొచ్చు, బడిని సినగాగ్‌గా మార్చకూడదు.

పాత సినగాగ్ బాగోగులు చూడ్డానికీ, ఆ మతం చదువు చెప్పించడానికీ ట్రస్టు పెట్టేవాళ్లు ముందుగా మనసులో పెట్టుకోవాల్సింది ఈ వరసనే. భవనం కింది మెట్టు, చదువు పై మెట్టు. దాతల మనసు మాత్రం తరచూ దీనికి ఎదురు నడుస్తుంది. గడియారం గోపురం బాగుచేయిస్తామంటే వెంటనే చెక్కు రాసేవాళ్లు, హీబ్రూ చెప్పే మాస్టారి ఏడాది జీతం అడిగితే ఆలోచించి చెప్తామంటారు. గోపురం పని ఆరు నెలల్లో కంటికి కనిపిస్తుంది. చదువు కనిపించడానికి పదేళ్లు పడుతుంది. ఈ తేడాను తట్టుకుని నిలబడేలా ట్రస్టును మొదట్లోనే కట్టుకోవాలి.

అలా కట్టుకోకపోతే ఏమవుతుందో కేరళలో కళ్లముందే ఉంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక కొచ్చి యూదుల్లో ఎక్కువమంది 1950ల్లో అక్కడికి వెళ్లిపోయారు. పరవూర్, చేందమంగలం సినగాగ్‌లను ప్రభుత్వం చక్కగా బాగుచేయించింది; ఇప్పుడవి మ్యూజియంలు. మట్టాంచేరిలోని కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపనిని 1991లో విప్పి జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి తీసుకెళ్లారు. ఇక్కడ మిగిలిన గోడల్లో ముందు భాగం 2019 వర్షాలకు కూలిపోయింది. అక్కడ ప్రార్థన ఆగిపోయి అప్పటికే దశాబ్దాలయింది. చదివేవాళ్లు లేకపోవడం ముందు, గోడ పడటం తర్వాత.

ఆ పక్క వీధిలోనే పరదేశి సినగాగ్ ఉంది. పరదేశి అంటే మనకు తెలిసిన అర్థమే. స్పెయిన్ వైపు నుంచి తరిమివేతకు గురై వచ్చిన యూదుల గుడి అది. 1568లో కొచ్చి రాజు ఇచ్చిన స్థలంలో, రాజభవనాన్నీ రాజుగారి గుడినీ ఆనుకుని కట్టారు. 1662లో పోర్చుగీసువాళ్లు పాడుచేస్తే, డచ్చివాళ్లు వచ్చాక 1664లో మళ్లీ నిలబెట్టారు. 18వ శతాబ్దంలో ఎజెకీల్ రహాబీ అనే వర్తకుడు గడియారం గోపురం కట్టించాడు. దాని ముఖాల మీద హీబ్రూ, రోమన్, మలయాళ అంకెలుంటాయి. నేల మీద చైనా నుంచి తెప్పించిన నీలం తెలుపు పింగాణీ పలకలు. చేత్తో రంగులద్దినవి కాబట్టి పక్కపక్క పలకల్లో కూడా కొమ్మ వంపు ఒకేలా ఉండదు. గుళ్లో లాగే ఇక్కడా చెప్పులు విడిచే లోపలికి వెళ్లాలి. కింద చెప్పబోయే భవనం పనులకు ఈ వీధినే ఉదాహరణగా పెట్టుకుందాం. కట్టడం తీరు, వానల తీరు అక్కడి పాత సినగాగ్‌లన్నిటికీ ఒకటే.

పైకప్పుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగతా జబ్బుల్లో సగం అక్కడి నుంచే దిగుతాయి. కొచ్చిలో వాన రెండు విడతలు: జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నవంబరుల్లో ఇంకోటి. యూదుల పెద్ద పండగల్లో ఎక్కువ సెప్టెంబరు అక్టోబరుల్లో వస్తాయి. కాబట్టి పెంకులు దించే పనికి మిగిలేది డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా, పస్కా పండగ ముందు వరకు, మూడున్నర నెలలు. అందులోనూ శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదుల విశ్రాంతి దినం కాబట్టి పని ఆపాలి. మేస్త్రీ యూదుడు కాకపోయినా సరే, సినగాగ్ కోసం ఆ రోజు పని చేయించకూడదు. ఈ మాట నోటితో చెప్పి ఊరుకుంటే శనివారం పొద్దున నిచ్చెన వేసి ఉంటుంది. టెండరు కాగితంలోనే పని దినాల పట్టిక అతికించి, రేటు దాని ప్రకారమే వేయమనాలి.

మంగళూరు పెంకులు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. దించేటప్పుడు పగిలేవాటికి కనీసం పదో వంతు అదనంగా తెచ్చుకోవాలి. అవీ పాత అచ్చువే దొరికితే మేలు. కొత్త పెంకు గాడి పాతదాని గాడిలో సరిగ్గా కూర్చోకపోతే గాలివానకు నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి. కప్పు మొత్తం ఒకేసారి విప్పొద్దు. రెండు మీటర్ల వెడల్పు పట్టీ విప్పి, చూసి, కప్పేసి, తర్వాతి పట్టీకి వెళ్లాలి. చూడాల్సిన చోటు శిఖరం కాదు, చూరు. వాసం గోడమీద ఆనే కొసలోనే పుచ్చు మొదలవుతుంది. మొనదేలిన స్క్రూడ్రైవరుతో కొసను పొడిచి చూస్తే గట్టి టేకు మొనను ఆపుతుంది, పుచ్చినది అర అంగుళం లోపలికి పోనిస్తుంది. పుచ్చినంతమేర కోసి అదే జాతి కర్రతో అతుకు వేయాలి. వాసం మొత్తం మార్చడం కాంట్రాక్టరుకు తేలిక, కానీ పాత చెక్కపని అలాగే పోతుంది. అతుకు వేశాక కొస చుట్టూ సిమెంటు పూడ్చడం మామూలుగా జరిగే తప్పు. గాలి ఆడకపోతే కొత్త కర్ర కూడా కొన్ని వానాకాలాలకే మెత్తబడుతుంది.

గోడలు లాటరైట్ రాయివి, పైన గుల్లసున్నం పూత. గోడ కింది మీటరు ఎత్తులో సున్నం పొరలు పొరలుగా రాలుతుంటే, తెల్లగా ఉప్పు పొంగుతుంటే చవుడు పట్టిందని అర్థం. నేలలోని తడి గోడలోకి ఎక్కి, ఆరేటప్పుడు ఉప్పును పైపొరలో వదిలి వెళ్తుంది. దీనికి సిమెంటు పూత వేస్తే ఆ ఏడాది శుభ్రంగా కనిపిస్తుంది. తడి మాత్రం బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది, రెండో ఏడాదికి చవుడు నడుము ఎత్తు నుంచి తల ఎత్తుకు వస్తుంది. పాత ప్రార్థనాలయాల్లో డబ్బు పెట్టి మరీ చేసే నష్టాల్లో మొదటిది ఇదే. మన ఊళ్లలో పాత గుళ్లకు సిమెంటు పూసినా జరిగేది ఇదే.

సరైన వరస ఇది. ముందు చూరు కింద పడే నీళ్లు గోడకు దూరంగా పారేలా కాలువ సరిచేయాలి. ఇది చేయకుండా గోడ ముట్టుకోవద్దు. తర్వాత సిమెంటు పూత ఉంటే సుత్తి, ఉలితో చేత్తోనే తీయాలి, మెషీను పెడితే రాయి చిట్లుతుంది. సందుల్లో పొడి అయిపోయిన సున్నాన్ని అంగుళం లోతు దాకా గీకి తీయాలి. కాగితం గుజ్జును మంచినీళ్లతో తడిపి అంగుళం మందాన గోడకు పట్టించి, ఆరాక ఊడదీస్తే ఉప్పు దాంతో పాటు వస్తుంది. ఉప్పు తగ్గేదాకా రెండు మూడుసార్లు అలా చేయాలి. ఆ తర్వాత పూత: లోపలి పొరకు సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, పై పొరకు ఒకటికి రెండు. ఒక్కో పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించొద్దు, మందంగా వేస్తే బీటలిస్తుంది. సున్నం కనీసం కొన్ని వారాలు నానినదై ఉండాలి. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిపే పద్ధతి అక్కడి పాత మేస్త్రీలకు తెలుసు; అలా కలిపితే పూత మెల్లగా బిగిసి గట్టిపడుతుంది. వేశాక వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. చివర్లో పలచని సున్నపు వెల్ల మూడు నుంచి ఐదు చేతులు. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేస్తే సిమెంటు తీసేసిన పుణ్యమంతా పోతుంది.

నేల పలకల గురించి ఒక్క మాట. మరకలకు యాసిడ్ వాడితే పింగాణీ మెరుపు పోతుంది, మళ్లీ రాదు. బకెట్లతో నీళ్లు పోసి కడగకూడదు, పిండిన బట్టతో తుడవాలి. పలక లేచిందేమో వేలి ముడితో తట్టి వినాలి: గట్టిగా పలికితే పట్టు ఉంది, డొల్లగా పలికితే కింద సున్నం వదిలింది. ఇత్తడి కటకటాలకు చింతపండు రుద్దుడు ఏడాదికి ఒకసారి చాలు. ప్రతి వారం తోమితే నగిషీ అరిగిపోతుంది.

ఇప్పుడు పెట్టె తెరుద్దాం. భారతదేశంలో సినగాగ్ పెట్టె పడమటి గోడ వైపు ఉంటుంది, జెరూసలేం అటు కాబట్టి. లోపల తోరా చుట్టలు. కొచ్చి పద్ధతిలో వాటిని గుడ్డ సంచుల్లో కాకుండా, వెండి లేక ఇత్తడి రేకు తొడిగిన నిలువు చెక్క బరిణెల్లో ఉంచి, పైన కిరీటం పెడతారు. ఒక్కో తోరాలో 3,04,805 అక్షరాలు. అంతా తోలు పత్రం మీద చేతిరాత. పత్రాలను జంతువు నరంతో కుడతారు. ఒక్క అక్షరం రాలినా, పక్క అక్షరానికి అంటుకున్నా ఆ చుట్ట సభలో చదవడానికి పనికిరాదు. చదువుతుండగా తప్పు బయటపడితే ఆపి, దాన్ని పక్కన పెట్టి, ఇంకోటి తీయాలి. సరిచేయని పుస్తకాన్ని 30 రోజులకు మించి ఊరికే ఉంచుకోకూడదని తాల్ముద్ మాట. అందుకే ట్రస్టు బడ్జెట్లో చుట్టలు సరిచేసే లేఖకుడి ఖర్చు ప్రతి ఏడాదీ ఒక పద్దుగా ఉండాలి, అవసరం పడ్డప్పుడు చందా ఎత్తే పనిగా మిగలకూడదు.

తోలుకు పెద్ద శత్రువు తడి కన్నా తడి మారుతూ ఉండటం. కొచ్చి వానాకాలంలో గాలి తేమ 80, 90 శాతానికి పోతుంది. తోలు పత్రానికి 45 నుంచి 55 మధ్య ఉంటే హాయి. సందర్శకులు ఉన్నంతసేపు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే తోలు రోజుకోసారి బిగిసి, రోజుకోసారి సాగుతుంది. సిరా సాగదు, కాబట్టి పగిలి రేకులుగా లేస్తుంది. ఇలాంటి ఏసీ కన్నా ఏసీ లేకపోవడమే మేలు. చేయగలిగితే చుట్టలున్న గదికి మాత్రం తేమ తీసే యంత్రం 24 గంటలూ నడపాలి. కరెంటు పోయే చోట పెట్టెకు బిగుతు తలుపులు, లోపల సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, పొద్దునా సాయంత్రం అంకె పుస్తకంలో రాయాలి. మీటరు వందల రూపాయల్లోనే వస్తుంది. ఆ పుస్తకం తిరగేస్తే ఏ నెలలో ఏం తప్పు జరుగుతోందో తెలిసిపోతుంది. చుట్టను ప్లాస్టిక్‌లో చుట్టొద్దు, పక్కన నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు, చేతి వేలితో తాకొద్దు. చదివేటప్పుడు వరస చూపడానికి చెయ్యి ఆకారంలో చివర వేలు ఉన్న వెండి పుల్ల ఉంటుంది, అది అందుకే. చదవని చుట్టలనూ ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి, మొదటి నుంచి చివరికి తిప్పి, మళ్లీ చుట్టాలి.

బాగుకాని చుట్టను పారేయరు. మట్టి కుండలో పెట్టి పండితుడి సమాధి పక్కన పాతిపెట్టాలని తాల్ముద్ చెప్తుంది. దేవుడి పేరున్న చిరిగిన ప్రార్థన పుస్తకాలకూ అదే మర్యాద. వాటికి తాళం వేసిన పెట్టె ఒకటి ఉంచి, నిండాక శ్మశానంలో పాతాలి. మ్యూజియం మనిషో పరిశోధకుడో అడిగితే ఈ పెట్టె ఇవ్వాలా వద్దా అన్నది ట్రస్టు తీర్మానంలో ముందే రాసి ఉంచాలి. వాచ్‌మన్ దగ్గర తేలే విషయం కాదిది.

ట్రస్టు కాగితాల్లో నాలుగు చోట్ల చిన్న ట్రస్టులు దెబ్బతింటాయి.

ఒకటి, కోరం. సముదాయం తగ్గిపోతున్న చోట "ట్రస్టీలంతా ఈ సినగాగ్ సభ్యులై ఉండాలి" అని రాసుకుంటే, ఒకనాటికి సంతకం పెట్టడానికి సరిపడా మనుషులుండరు. సగం మంది సభ్యులు, మిగతావాళ్లు దేశంలో ఏ ఊరి సినగాగ్ సముదాయం నుంచైనా, ఒకరు ఏ మతంవారైనా కట్టడాల సంరక్షణ తెలిసిన మనిషి అని రాసుకోవడం మంచిది. చివరికి ట్రస్టు నడవకపోతే ఆస్తి అదే పని చేసే మరో ట్రస్టుకు వెళ్లాలి, ఎవరి సొంతమూ కాకూడదు. ట్రస్టు డీడ్‌లో ఆ ముక్క లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద కోర్టుకెళ్లి తేల్చుకోవాల్సి వస్తుంది.

రెండు, వస్తువుల జాబితా. ప్రతి చుట్ట పొడవు, ఎత్తు, పత్రాల సంఖ్య, పుటకు వరసలెన్నో, ఫొటోలతో సహా డీడ్‌కు అనుబంధంగా పెట్టాలి. వలస వెళ్లే కుటుంబం "మా తాతలు ఇచ్చిన చుట్ట" అని వెంట తీసుకెళ్లాలనుకోవడం సహజం. అందులో దురాశ ఉండదు, ప్రేమే ఉంటుంది. కానీ 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు, విలువైన రాతప్రతి అయితే 75 ఏళ్లు దాటినది, దేశం దాటించడానికి ప్రైవేటు మనుషులకు వీల్లేదు. విమానాశ్రయంలో తెలిసే కన్నా ముందే తెలియడం అందరికీ గౌరవం.

మూడు, పన్ను. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల నంబర్లే అందరి నోళ్లలో ఉన్నాయి కాబట్టి అవే వాడుతున్నాం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి నంబర్లు మారాయి, ఆడిటర్ దగ్గర సరిచూసుకోండి. ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏబీ రిజిస్ట్రేషన్ మత ట్రస్టుకూ దొరుకుతుంది. దాతకు పన్ను రాయితీ ఇచ్చే 80జీ అలా కాదు: ఒక మతం వాళ్ల కోసమే అని రాసుకున్న సంస్థకు అది రాదు. వచ్చిన సంస్థ కూడా మతపరమైన ఖర్చు తన ఆదాయంలో 5 శాతం దాటించకూడదు. కాబట్టి సినగాగ్, తోరా చదువు, అందరి పిల్లలకూ ఉపకార వేతనాలు అన్నీ ఒకే డీడ్‌లో కలిపితే దాతకు రసీదు మీద రాయితీ అందదు. రెండు ట్రస్టులుగా విడగొట్టడమే శుభ్రమైన దారి. భవనం మరమ్మతుకు వేరే తలుపు ఉంది. చారిత్రక, పురావస్తు లేక కళా ప్రాముఖ్యం ఉన్నదనో, రాష్ట్రమంతటా పేరున్న ప్రార్థనాస్థలం అనో కేంద్రం నోటిఫై చేస్తే, దాని మరమ్మతుకు ఇచ్చిన విరాళంలో 50 శాతానికి 80జీ(2)(బి) కింద రాయితీ ఉంటుంది. దరఖాస్తు పెట్టకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. ఏ దారిలోనైనా 2,000 రూపాయలు దాటిన నగదుకు రాయితీ లేదు.

మాస్టారి జీతానికి మూలనిధి లెక్క వేసి చూద్దాం. నెలకు 25,000 అంటే ఏడాదికి 3 లక్షలు. బ్యాంకు వడ్డీ 6.5 శాతం అనుకుందాం. ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుపెట్టాలి, 15 శాతమే దాచుకోవచ్చు. ఆ దాచుకునేదాన్ని మూలనిధిలో కలుపుతూ పోతే ఖర్చుకు మిగిలేది 5.525 శాతం. 3 లక్షలకు దాదాపు 54 లక్షల 30 వేలు కావాలి. ఏటా ఒక శాతం కన్నా తక్కువే పెరుగుతుంది కాబట్టి జీతం పెంపుకు అది చాలదు, దానికి ఏటేటా వేరే విరాళం వెతుక్కోవాల్సిందే. మూలనిధికి ఇస్తున్నానని దాత రాసిచ్చిన కాగితం ప్రతి రసీదుకూ జత ఉండాలి. లేకపోతే ఆ సొమ్మూ మామూలు ఆదాయంలో కలిసిపోతుంది.

నాలుగోది విదేశీ విరాళం, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. కొచ్చి యూదుల మనవలు ఎక్కువమంది ఇజ్రాయెల్ పౌరులు. వాళ్లు ఎర్నాకుళం వచ్చి రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా మారదు. భారత పాస్‌పోర్టుతో దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే మాత్రం అది విదేశీ విరాళం కాదు. చూడాల్సింది డబ్బు రంగు కాదు, పాస్‌పోర్టు రంగు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు సొంతూరి బడికో గుడికో పంపే డబ్బుకూ ఇదే నియమం, ఎందరికో ఇది తెలియదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్‌కు ట్రస్టుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. సొమ్ము ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే దిగాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఒక ట్రస్టు తీసుకుని రెండోదానికి మళ్లించడం 2020 నుంచి కుదరదు. పైన చెప్పిన రెండు ట్రస్టుల దారిలో నడిచేవాళ్లు అందుకే రెండిటికీ విడివిడిగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

ఇక చదువు. పదిమంది మగవాళ్లు, 13 ఏళ్లు నిండినవాళ్లు, చేరితేనే సంప్రదాయ సినగాగ్‌లో తోరా బయటికి తీసి చదువుతారు. పది మందీ ఉన్నా చదివేవాడు లేకపోతే పెట్టె తలుపు తెరిచి ప్రయోజనం లేదు. చుట్టలో అచ్చులు ఉండవు, రాగం గుర్తులు ఉండవు, వాక్యం ఆగే చోటు ఉండదు. వట్టి హల్లులు. మిగతాదంతా చదివేవాడి గుండెలో ఉండాలి. అందుకే దీనికి ఏళ్లు పడుతుంది, అందుకే దీనికి జీతమిచ్చి మనిషిని పెట్టాలి.

ఒక మాస్టారికి 25 మంది పిల్లలు, 40 దాకా ఉంటే సాయానికి ఇంకొకరు, 40 దాటితే ఇద్దరు మాస్టర్లు అని 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు ధర్మసూత్రంగా రాశాడు. చిన్న ట్రస్టుకు ఆరుగురు పిల్లలున్నా అదృష్టమే. జీతం విషయంలో ఒక జాగ్రత్త: శనివారం పాఠానికి విడిగా ఇంత అని కట్టకూడదు, విశ్రాంతి దినపు కూలి నిషేధం. వారానికో నెలకో కలిపి ఒకే జీతంగా రాస్తే ఇబ్బంది లేదు. హాజరు పట్టీ చూసి గంటల లెక్కన జీతం కట్టే ట్రస్టులు తెలియకుండానే ఇందులో పడతాయి.

తెలుగు గడ్డ మీద కూడా ఈ చదువు అవసరం ఉంది. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం (ఎఫ్రాయిం సంతతి) యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు 1990ల మొదటి నుంచీ చిన్న సినగాగ్ నడుపుకుంటున్నాయి. అలాంటి చోట పిల్లలకు మొదటి వంతెన తెలుగు లిపే.

హీబ్రూ అక్షరాలు 22, అన్నీ హల్లులే, కుడి నుంచి ఎడమకు. ఐదింటికి మాట చివర వేరే రూపం ఉంటుంది. త్సాదీ అనే అక్షరం ధ్వని తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చినదే: చలి, చాప, చుక్క అనేటప్పుడు పలికే చ అది. ఇంగ్లిషు మీదుగా నేర్పితే టి, ఎస్ విడగొట్టి నానా తంటాలు పడతారు. చలి అనమంటే ఒక్క నిమిషంలో వస్తుంది. జాయిన్ అనే అక్షరానికి జల్లెడలో జ దగ్గరగా వస్తుంది, నాలుకను పళ్లకు తగలనీయకుండా పలికిస్తే చాలు. చిక్కంతా ఖెత్ అనే అక్షరం దగ్గర. హ అని రాస్తే మామూలు హే అక్షరంతో కలిసిపోతుంది, ఖ అని రాస్తే పిల్లలు ఖడ్గం అన్నట్టు చదువుతారు. హ కింద చుక్క పెట్టి, గొంతు గీరుకునే హ అని వినిపించడం ఒక్కటే దారి. ఏ గుర్తు ఎంచుకున్నా పుస్తకమంతా అదే ఉండాలి. సగం పుస్తకం ఒకరు, సగం ఇంకొకరు రాస్తే పిల్లలు రెండు రకాలుగా నేర్చుకుంటారు.

వారానికి నాలుగు అక్షరాల చొప్పున ఆరు వారాలు. పోలిక ఉన్నవాటిని ఒకే వారం పెట్టొద్దు: బేత్-కాఫ్, హే-ఖెత్, గిమెల్-నూన్, మాట చివరి మేమ్-సామెఖ్. ఆ తర్వాత అచ్చుల చుక్కలు. మూడు నెలలకు తెలుగు లిపి పుస్తకం వెనక్కి తీసేసుకోవాలి. కష్టంగా అనిపించినా తీసేయాలి, లేకపోతే పిల్లల కన్ను ఎప్పటికీ తెలుగు వరస మీదే ఉంటుంది. పదమూడో ఏడు నిండే పిల్లవాడికి కనీసం పది నెలల ముందు మొదలుపెట్టాలి. ఒక పక్క చుక్కలతో, ఇంకో పక్క చుట్టలో ఉన్నట్టు వట్టి హల్లులతో అచ్చేసిన తిక్కూన్ అనే పుస్తకం కొనిపెట్టాలి. ఒక పక్క చదివి, చెయ్యి అడ్డుపెట్టి రెండో పక్క చదవాలి. వారానికి మూడు వాక్యాలు, ఎందుకంటే సభలో తోరా చదవడానికి పిలిచే ఒక్కో పిలుపుకు చదివే కనీసం కూడా మూడే.

ఏడాది మొత్తానికి తోరా 54 భాగాలు. ఊరి రాగం తెలిసిన పెద్దమనిషి ఒక్కరే మిగిలినా వెంటనే ఆ 54 రికార్డు చేయించాలి, కుదించని వేవ్ ఫైళ్లుగా, రెండు ఊళ్లలో రెండు కాపీలు. శనివారం రికార్డింగు కుదరదు. మంగళ, బుధవారాల్లో నిదానంగా కూర్చోబెట్టి చదివించుకోవాలి. కొచ్చి ఆడవాళ్లు తరతరాలుగా చేతిరాత నోటు పుస్తకాల్లో దాచుకున్న మలయాళ పాటలనూ ఇదే జాగ్రత్తతో పట్టుకోవాలి. మగవాళ్ల తోరా రికార్డయింది కదా అని అక్కడితో ఆపేస్తే సగం సంప్రదాయమే చేతికొస్తుంది.

దాలెత్, రేష్ అనే జంటను మాత్రం చివరికి ఉంచి, ఒక రోజంతా దానికే ఇవ్వాలి. రెండూ పైన ఒక అడ్డగీత, కుడివైపు ఒక నిలువుగీత. దాలెత్‌కు కుడి పైమూల కోణంగా ఉండి, వెనక్కి చిన్న ముల్లులా పొడుచుకొస్తుంది. రేష్‌కు ఆ మూల గుండ్రం. ఈ తేడా ఎంత ముఖ్యమో యూదుల ప్రధాన ప్రార్థనలో తెలుస్తుంది. "ష్మా యిస్రాయెల్, అదొనాయ్ ఎలోహేను, అదొనాయ్ ఎహాద్": ఇశ్రాయేలూ విను, మన దేవుడు ప్రభువు, ప్రభువు ఒక్కడే. ఆ ఒక్కడే అనే మాట చివర ఉన్నది దాలెత్. అక్కడ రేష్ పడితే మాట అహేర్ అవుతుంది, అంటే మరొకడు. అందుకే చుట్టలో ఆ దాలెత్‌ను మిగతా అక్షరాలకన్నా పెద్దగా రాస్తారు, చదివేటప్పుడు చివరి ద్ మీద నిలిచి పలుకుతారు. పిల్లల చేత ముందు పలక మీద ఆ మూలను, ఆ ముల్లుతో సహా, పదిసార్లు రాయించాలి. తర్వాత తెరిచిన చుట్ట దగ్గరికి తీసుకెళ్లి, వెండి పుల్లతో ఆ పెద్ద అక్షరం వాళ్ల చేతే చూపించాలి.